పాట బెంగాలీ... స్వరలిపి ఐరిష్ చేతిది!

పుంగనూరులోనో కుప్పంలోనో ఏ బడి ముందునుంచి వెళ్లినా ‘జనగణమన’ చెవిన పడుతుంది. ఆ పాటకు మదనపల్లెతో ఉన్న చుట్టరికం తెలుసా?

1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లె థియోసాఫికల్ కాలేజీకి వచ్చి కొన్ని రోజులు ఉన్నారు. అప్పటి ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్, ఆయన భార్య మార్గరెట్... ఇద్దరిదీ ఐర్లండే. ఆమె 1902లో సంగీతంలో పట్టా పుచ్చుకున్నారు. ఓ సాయంత్రం విద్యార్థుల ముందు ఠాగూర్ ‘జనగణమన’ పాడారు. 28న దాన్ని ఇంగ్లిషులోకి మార్చారు. మార్గరెట్ ఆ బాణీకి స్వరాలు రాసిపెట్టారు.

రాసిపెట్టడమంటే చిన్న పనేం కాదు. ఐర్లండ్, స్కాట్లండ్ పల్లెల్లో ఫిడేలు పాటలూ నాట్యపు గతులూ తరతరాలుగా చెవి నుంచి చేతికి వచ్చినవే. నేర్చుకునేవాళ్లూ రాసుకునేవాళ్లూ లేకపోతే వాయించే మనిషితోనే పోతాయి.

ఆ బాణీలు మనకూ కొత్త కాదు. ముత్తుస్వామి దీక్షితార్ (1775-1835) ‘రేక్స్ ఆఫ్ మాలో’ అనే ఐరిష్ నాట్య బాణీకి ‘వందే మీనాక్షి’ అంటూ సంస్కృత సాహిత్యం కట్టారు. కర్ణాటక సంగీతంలోకి ఫిడేలును తెచ్చిన వారిలో ముందు చెప్పుకునే పేరు ఆయన తమ్ముడు బాలుస్వామిది. ఠాగూర్ సైతం స్కాట్లండ్ పాట ‘ఆల్డ్ లాంగ్ సైన్’ వరసకు బెంగాలీ మాటలు అల్లారు. అక్కడి బాణీలు తెచ్చుకున్న కవి పాటకు, అక్కడినుంచి వచ్చినామె స్వరలిపి రాశారన్నమాట!

‘జనగణమన’ 1950 జనవరి 24న జాతీయ గీతమైంది. మార్గరెట్ 1954లో కన్నుమూశారు. పాడింది బెంగాలీ కవి, రాసింది ఐర్లండ్ ఆడపడుచు... ఆ సాయంత్రం గొంతు కలిపింది మాత్రం మదనపల్లె విద్యార్థులు!