పైసలు కడితే సరిపోదు, పద్దు పడాలి

"అక్కా, వరంగల్ పార్టీకి లక్షన్నర కొట్టిన, రాసుకో."

మానుకోటలోని ఎరువుల దుకాణం నుంచి నాకు వాట్సాప్‌లో వచ్చే కబురు ఇంతే. ఏ బిల్లుకు కట్టారో అందులో ఉండదు. ఆ దుకాణంతోపాటు జనగామలో ఒక హార్డ్‌వేర్ షాపుకు, భూపాలపల్లిలో ఒక మోటారు విడిభాగాల షాపుకు నేను లెక్కలు రాస్తాను. మొదటి రెండు ఊళ్లకు రైల్లో, భూపాలపల్లికి పరకాల మీదుగా బస్సులో తిరుగుతాను. సరుకు ఇచ్చినవాళ్లకు కట్టిన డబ్బును పద్దుల్లో ఎక్కించడానికే నా రోజులో సగం పోతుంది.

ఇప్పుడు ఈ పని చేయడానికి ఏఐ ఏజెంట్లు వచ్చాయి. చాట్‌బాట్ అడిగినదానికి జవాబు చెప్పి ఊరుకుంటుంది. ఏజెంట్ మాత్రం మనం అనుమతి ఇచ్చిన సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లి పని చేసి పెడుతుంది. ఇలాంటి ఏజెంట్లను బయటి సాఫ్ట్‌వేర్లతో కలిపే 'మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్' అనే పద్ధతిని ఆంత్రోపిక్ సంస్థ 2024 నవంబరులో విడుదల చేసింది. చెన్నైకి చెందిన జోహో బుక్స్ లాంటి లెక్కల సాఫ్ట్‌వేర్లలో సరఫరాదారు చెల్లింపును బయటి ప్రోగ్రాం నుంచే నమోదు చేయవచ్చు. పార్టీ ఎవరు, ఏ బిల్లు, ఎంత, ఏ తేదీన, ఏ ఖాతా నుంచి, ఏ విధంగా, రెఫరెన్స్ నంబరు ఎంత అన్నవి ఇస్తే పద్దు పడుతుంది.

ఏ బిల్లుకు చెల్లు?

మొదటి కబురునే తీసుకుందాం. వరంగల్ పార్టీవి మూడు బిల్లులు బాకీ ఉన్నాయనుకోండి: 62,400, 48,600, 54,000. మొత్తం 1,65,000 రూపాయలు. కట్టింది లక్షన్నర. పాత బిల్లుల నుంచి మొదలుపెడితే రెండు పూర్తిగా తీరిపోతాయి. మిగిలిన 39,000 మూడోదానికి పోగా, దాని మీద 15,000 బాకీ నిలుస్తుంది. పార్టీ ఖాతాకు డెబిట్, బ్యాంకుకు క్రెడిట్. ఏజెంట్ ఈ లెక్కను రెప్పపాటులో వేస్తుంది. అయితే రెండో బిల్లులో వచ్చిన కొన్ని బస్తాలు తడిసి ఉన్నాయని, అందుకే ఆ 15,000 ఆ బిల్లులోంచి ఆపుకున్నారని ఏజెంట్‌కు ఎవరు చెప్పాలి? యజమానే చెప్పాలి.

ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఎఫ్5 నొక్కి పేమెంట్ రాసేటప్పుడు, ఏ బిల్లో తెలియకపోతే 'ఆన్ అకౌంట్' అని పెట్టేయవచ్చు. పద్దు పడుతుంది కానీ బిల్లు తీరనట్టే కనిపిస్తుంది. దాంతో అసలు చిక్కు మొదలవుతుంది. బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో సరఫరాదారుకు డబ్బు కట్టకపోతే, ఆ బిల్లు మీద తీసుకున్న జీఎస్టీ క్రెడిట్‌ను వడ్డీతో తిరిగి కట్టాలి. నగదు అయితే ఒక్కరికి ఒక్క రోజులో 10,000 దాటి ఇచ్చిన ఖర్చును, కొన్ని మినహాయింపులు తప్ప, ఆదాయపు పన్ను లెక్కలో ఒప్పుకోరు. తేదీ, బిల్లు నంబరు, చెల్లింపు విధానం అన్న మూడు గళ్లు పన్నుతో ముడిపడినవే.

తప్పు ఎక్కడ దూరుతుంది?

జనగామ షాపుకు ఒకే పేరుతో ఇద్దరు పార్టీలు సరుకు ఇస్తారు. ఒకసారి ఒకరికి కట్టిన 38,000 రూపాయలను నేను ఇంకొకరి ఖాతాలో రాశాను. మూడు నెలల తర్వాత రెండో ఆయనకు డబ్బు అందలేదని తెలిసింది. పుస్తకంలో చెల్లు అని ఉండటం చూసి మా యజమాని ఆయనతో వాదించి, చివరికి క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. అప్పటి నుంచి నేను పేరును నమ్మను, 15 అక్షరాల జీఎస్టీ నంబరు చూసి రాస్తాను. ఏజెంట్‌కూ అదే నియమం పెట్టాలి. రెండు పేర్లు తగిలితే అది తనంతట తాను ఎంచుకోకూడదు, ఆగి మనల్ని అడగాలి.

రెండో ప్రమాదం నెట్‌తో వస్తుంది. ఏజెంట్ పద్దు పంపింది, జవాబు వచ్చేలోపు నెట్ పోయింది. పడలేదనుకుని మళ్లీ పంపితే ఒకే చెల్లింపు రెండుసార్లు ఎక్కుతుంది. బ్యాంకు ఇచ్చే యూటీఆర్ నంబరు ప్రతి చెల్లింపుకూ వేరుగా ఉంటుంది. ఆ నంబరు పుస్తకంలో ఇదివరకే ఉంటే కొత్త పద్దు పడకూడదు.

మూడోది అడ్వాన్సు. భూపాలపల్లి షాపు యజమాని కొన్ని విడిభాగాలకు ముందే డబ్బు పంపుతాడు, బిల్లు తర్వాత వస్తుంది. ఏజెంట్ ఆ డబ్బును ఏదో పాత బిల్లుకు అతికించకుండా అడ్వాన్సుగానే ఉంచి, బిల్లు వచ్చాక సరిచేయాలి.

అన్నిటికంటే ముఖ్యం తాళంచెవులు వేరుగా ఉండటం. పద్దు రాసే ఏజెంట్ చేతికి బ్యాంకు నుంచి డబ్బు పంపే అధికారం ఇవ్వకూడదు. అది చిత్తుపద్దు చూపించాలి, మనిషి చూసి సరే అన్నాకే ఖాతాలో ఎక్కాలి. ఎవరు రాశారో, ఎవరు మార్చారో జాడ మిగలాలి. మన దేశంలో కంపెనీలు వాడే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఈ జాడ ఉండాలన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. చిన్న దుకాణాలకు ఆ నిబంధన లేకపోయినా ఆ అలవాటు అవసరం.

చిట్టా, ఆవర్జా రాసిన పాత గుమాస్తాలు ఏ పైసా ఎవరి పేరన పోయిందో అడగకుండా కలం పెట్టేవారు కాదు. కొత్త గుమాస్తా మనిషి కాకపోయినా ఆ ప్రశ్న మానకూడదు. వ్యాపారం చేసే అన్నలకు, అక్కలకు నా మనవి ఒక్కటే: డబ్బు కొట్టిన వెంటనే పంపే ఆ చిన్న కబురులో బిల్లు నంబరు, యూటీఆర్ కూడా రాయండి. పద్దు నేను రాసినా, ఏజెంట్ రాసినా, అది సరిగ్గా పడేది ఆ రెండు నంబర్లు ఉంటేనే.