చేవెళ్ల కుంటలో రొయ్య: మేత కన్నా ముందు నీళ్లు చూసుకోండి

రొయ్యల సాగు అనగానే భీమవరం, నెల్లూరు గుర్తుకొస్తాయి. అక్కడ పెంచే వనామీ, టైగర్ రకాలు ఉప్పునీటి రొయ్యలు. చేవెళ్ల, మొయినాబాద్ మండలాల రైతులు వాటి జోలికి పోకపోవడమే మంచిది. బోరు నీళ్లలో ఉప్పు కలిపి పెంచొచ్చని చెప్పేవాళ్లు ఎవరైనా దొరకొచ్చు. ఆ ఉప్పు భూమిలోకి దిగితే పక్క చెలకలో టమాట కూడా సరిగా రాదు. పైగా మన వాగుల నీళ్లు మూసీ, ఈసీల్లో కలిసి గండిపేటకు, హిమాయత్‌సాగర్‌కు పోతాయి. పట్నానికి తాగునీరిచ్చిన ఈ చెరువులు పాడుకాకూడదనే 1996లో 111 జీవో తెచ్చారు.

మన కుంటకు సరిపడేది మంచినీటి రొయ్య. దీన్నే స్కాంపి అని, నీలకంఠ రొయ్య అని అంటారు. పెరిగేది మంచినీళ్లలోనే అయినా, గుడ్డు నుంచి వచ్చిన పిల్ల తొలి నెల రోజులు ఉప్పు కలిసిన నీళ్లలోనే బతుకుతుంది. అందుకే పిల్లను కోస్తా హేచరీల నుంచే తెచ్చుకోవాలి. నెల్లూరు జిల్లాలో ఒకప్పుడు ఈ రొయ్య జోరుగా సాగింది. తెల్లతోక జబ్బు, నాసిరకం పిల్ల కలిసి 2005 తర్వాత దాన్ని దెబ్బతీశాయి. కాబట్టి అగ్గువకు వస్తుందని ఏ పిల్ల పడితే ఆ పిల్ల కొనకండి. తెల్లతోక జబ్బు లేదని పరీక్ష చేయించిన హేచరీలోనే కొనాలి.

మన దగ్గర అన్నిటికన్నా పెద్ద చిక్కు చలి. ఈ రొయ్యకు 26 నుంచి 31 డిగ్రీల వేడి ఉన్న నీళ్లు కావాలి. 20 డిగ్రీలకు పడితే మేత తగ్గిస్తుంది, 14కు పడితే ప్రాణం మీదికొస్తుంది. చేవెళ్ల పక్క డిసెంబరు, జనవరి రాత్రులు ఎంత చల్లగా ఉంటాయో మీకు వేరే చెప్పాలా? జూన్ చివర, జూలైలో కుంటలో నీళ్లు చేరగానే పిల్ల వేసుకుని, డిసెంబరు నడిమి లోపే పట్టేయాలి. ఈ అయిదు నెలల్లో ఒక్క నెల వృథా చేసినా తూకం తగ్గిపోతుంది. పిల్లను నేరుగా కుంటలో వదలకుండా, మొదట నెల రోజులు చిన్న మడిలోనో వల హాపాలోనో పెంచితే చాలా వరకు దక్కుతుంది.

రెండో చిక్కు పురుగుమందు. ఇక్కడ టమాట, గులాబి, చామంతి, పత్తి అన్నిటికీ మందు కొడతాం. రొయ్య కూడా పురుగుకు దగ్గరి చుట్టమే. పురుగును చంపే సైపర్‌మెత్రిన్ లాంటి మందు రొయ్యనూ చంపుతుంది. చేపకు ఏమీ కాని మోతాదు కూడా రొయ్యకు విషమే. వానకు చేనులోని నీళ్లు కుంటలోకి దిగకుండా చుట్టూ గట్టు పోసి, మళ్లింపు కాలువ తీయండి. మందు కొట్టిన పంపు కుంటలో కడగొద్దు. పక్క రైతుతో కూడా ముందే మాట్లాడుకోండి, తర్వాత తగువు పడి లాభం లేదు.

బోరు నీటితో నింపేవాళ్లు ముందు నీటి పరీక్ష చేయించాలి. ఉదజని సూచిక 7 నుంచి 8.5 మధ్య ఉండాలి. నీటి కాఠిన్యం లీటరుకు 150 మిల్లీగ్రాముల లోపుంటే మంచిది. 300 దాటితే పెంకు మీద పెచ్చులు కట్టి ఎదుగుదల ఆగుతుంది. అలాంటి బోరుంటే వాన నీళ్లు కలిస్తేనే సాగుకు దిగండి.

ఇక మేత. రొయ్య అడుగున తిరిగేది, రాత్రి పూట మేసేది. రోజు మేతలో మూడింట రెండొంతులు పొద్దుగూకాక, మిగతాది పొద్దున వేయాలి. మేతలో మాంసకృత్తులు 30 శాతం దాకా ఉండాలి. ఇంట్లో చేసుకునేవాళ్లు 100 కిలోలకు 20 కిలోల ఎండుచేపల పొడి, 40 కిలోల వేరుశనగ చెక్క, 30 కిలోల తవుడు, 8 కిలోల మైదా, 2 కిలోల ఖనిజ లవణాలు కలపొచ్చు. ఉడికించి, మురుకుల గొట్టంతో వత్తి ఆరబెట్టండి. రొయ్య మేతను పట్టుకుని కొరుక్కుతింటుంది కాబట్టి, నీళ్లలో వేసిన మేత రెండు గంటలైనా విడిపోకూడదు. బూజు పట్టిన చెక్క వాడొద్దు.

20 గుంటల కుంట, అంటే సుమారు 2,000 చదరపు మీటర్లు అనుకోండి. మీటరుకు ఒకటి చొప్పున 2,000 పిల్ల వేస్తే, సగం దక్కినా వెయ్యి. అవి 20 గ్రాములకు వచ్చినప్పుడు మొత్తం బరువు 20 కిలోలు. దానికి మూడు నాలుగు శాతం చొప్పున రోజుకు 600 నుంచి 800 గ్రాముల మేత చాలు. ఎక్కువ వేస్తే ఎక్కువ పెరుగుతుందనుకోవడం పొరపాటు. మిగిలిన మేత అడుగున కుళ్లి ప్రాణవాయువును లాగేస్తుంది. నాలుగు మూలలా చెక్ ట్రేలు దింపి, రెండు గంటల తర్వాత తీసి చూడండి. మిగిలితే మరునాడు తగ్గించండి. ముసురు పట్టిన రోజు సగమే వేయండి. తెల్లారగట్ల రొయ్యలు ఒడ్డుకు చేరాయంటే గాలి అందడం లేదని గుర్తు. మేత ఆపి, మోటారుతో అదే నీటిని జల్లులా పైకి కొట్టించాలి.

కోళ్లఫారాలు దగ్గరున్నాయని కోడి వ్యర్థాలు తెచ్చి పోసే ఆలోచన పెట్టుకోవద్దు. నీళ్లు చెడతాయి, రోగాలొస్తాయి, అవి చివరికి వాగులోకే పోతాయి.

రొయ్య పెంకు విడిచినప్పుడు మెత్తగా ఉంటుంది. అప్పుడు తోటి రొయ్యలే దాన్ని తినేస్తాయి. అడుగున తాటిమట్టలు, పాత గూనపెంకులు, ప్లాస్టిక్ గొట్టం ముక్కలు వేస్తే దాక్కుంటుంది. బొచ్చె, రాగండి కలిపి పెంచుకోవచ్చు. అడుగున మేసే ఎర్రమోసు, బంగారుతీగ వద్దు. కొర్రమీను ఉంటే పిల్లే మిగలదు.

మగ రొయ్యల్లో కొన్ని పొడవాటి నీలి గోళ్లతో ముందే పెద్దవై, మిగతా వాటిని ఎదగనివ్వవు. నాలుగో నెల నుంచి వాటిని ఏరి అమ్మేయండి, వెనకబడినవి అందుకుంటాయి. పట్టగానే మంచునీళ్లలో ముంచాలి. గంపలో ఎండకు ఉంచితే తల దగ్గరి కండ మెత్తబడిపోతుంది. అలాంటి సరుకును హైదరాబాద్ మార్కెట్లో సగం ధరకు కూడా అడగరు. అందుకే మంచు దొరికిన రోజే వల వేయండి.