లూసియా చేతిలో ఈక ఎందుకు?

స్లొవాకియా క్రిస్మస్ బొమ్మల్లో ఒక వింత మనిషి కనిపిస్తుంది: ఒళ్లంతా తెల్లబట్ట, ముఖం నిండా పిండి, చేతిలో పెద్దబాతు ఈక. పేరు లూసియా. డిసెంబరు 13న పల్లెల్లో అమ్మాయిలు ఈ వేషం కట్టి, నోరు మెదపకుండా ఇల్లిల్లూ తిరిగి, ఈకతో మూలలు ఊడ్చేవారు. ఎందుకు? పాత క్యాలెండరులో తేదీలు జరిగిపోవడంతో, ఒకప్పుడు ఏడాదిలోకెల్లా పొడవైన రాత్రి ఆ రోజు దగ్గరే పడేది. అంత చీకట్లో మంత్రగత్తెలు తిరుగుతారని భయం. ఊడిస్తే చెడు పోతుందని నమ్మకం.

మరి తెల్లని మంచులో తెల్లని లూసియాను గీయడం ఎలా? నీటిరంగులు వాడేవారికి ఒక ఉపాయముంది: ఆమెకు రంగే వేయరు! చుట్టూ ముదురు నీలం పూసి, ఆమె ఉన్నచోట కాగితాన్ని ఖాళీగా వదిలేస్తారు. ఆపైన రెండు నల్లని కళ్లు పెడితే చాలు. నాకైతే మంత్రగత్తెలకన్నా ఈవిడంటేనే భయం.