లెక్కలో ఉన్నాం, లెక్క కట్టేచోటా ఉందాం



చదువయ్యాక ఏమవుతావని అడిగితే మన హాస్టల్లో టీచరు, పోలీసు, గ్రూప్స్ అంటారు. మేమూ అలాగే అన్నాం. జనం ఆరోగ్య వివరాలను లక్షల సంఖ్యలో విశ్లేషించే పరిశోధన ఒకటుందని ఎం.ఎస్సీ. స్టాటిస్టిక్స్‌లో చేరాకే తెలిసింది. మా ఇంట్లో డిగ్రీ చదివింది మేమే మొదట. చెప్పేవారు లేరు. ఆ లోటు మీకు ఉండకూడదనే ఈ వ్యాసం.

ఒక ఉదాహరణ చూద్దాం. 2019-21లో ముంబయిలోని ఐఐపీఎస్ సంస్థ ఆధ్వర్యంలో ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే జరిగింది. సుమారు 6.37 లక్షల కుటుంబాల వివరాలు సేకరించారు. వేలి చివర గుచ్చి, చుక్క రక్తంతో హిమోగ్లోబిన్ చూశారు. ఐదేళ్ళలోపు పిల్లల్లో 67 శాతానికి రక్తహీనత ఉందని తేలింది. అయితే 2016-18 నాటి సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో 1-4 ఏళ్ళ పిల్లల్లో ఇది 41 శాతమే.

ఏది నిజం? పరిశోధకుల పని ఇక్కడే మొదలవుతుంది. వయసులు, సంవత్సరాలు కొంత వేరు. అంతకంటే ముఖ్యం, 2016-18 సర్వేలో రక్తాన్ని సిర నుంచి తీసి ల్యాబులో పరీక్షించారు. వేలిని నొక్కి తీస్తే ఒంట్లోని ఇతర ద్రవం కలిసి హిమోగ్లోబిన్ తక్కువగా కనిపించే అవకాశం ఉంది. ఐరన్ మాత్రలు, పోషకాహారం, నిధులు ఎవరికి ఎంత అన్నది ఇలాంటి అంకెలను చూసే నిర్ణయిస్తారు. లెక్క తప్పితే నష్టపోయేది బిడ్డలే.

ఆ సర్వే పట్టికలో ఒక్కో వరుస ఒక్కో మనిషి. పేరుండదు. కులం, తల్లి చదువు, ఇంటి నేల, తాగునీరు ఉంటాయి. మొదటిసారి తెరిచినప్పుడు ఒక వరుస చూసి ఆగిపోయాం. ఎస్సీ, మట్టి నేల, తల్లికి చదువు లేదు. అచ్చం మా ఇల్లే. కూలి దొరకని వారం ఇంట్లో ఏం వండుతారో తెలిసినవాళ్ళకు ఆ పట్టికను ఏం అడగాలో కూడా తెలుస్తుంది.

ఇక దారి. ఎంపీసీ వారు డిగ్రీలో స్టాటిస్టిక్స్ తీసుకోవచ్చు. బైపీసీ వారికి పీజీలో ప్రజారోగ్యం, బయోఇన్ఫర్మాటిక్స్ ఉన్నాయి. 'ఆర్', 'పైథాన్' అనే కంప్యూటర్ భాషలు ఉచితంగా దొరుకుతాయి. కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ స్టైపెండ్ ఇచ్చి చదివిస్తుంది. హైదరాబాదు తార్నాకలోనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ సాధించి పీహెచ్‌డీలో చేరితే మొదటి రెండేళ్ళు నెలకు 37,000 రూపాయలు. 2023 జనవరి నుంచి ఇది అమల్లోకి వచ్చింది.

సులువని చెప్పం. మాకు మొదటిసారి జేఆర్ఎఫ్ రాలేదు. "ఇంకా చదువేనా?" అని నాన్న అడిగారు. మళ్ళీ రాస్తున్నాం.

ఇన్నాళ్ళూ మనల్ని ఎవరో లెక్కపెట్టారు. ఇకపై ఆ లెక్క కట్టేవాళ్ళలో మనవాళ్ళూ ఉండాలి. సంక్రాంతి సెలవులు అయ్యాక హాస్టల్‌కు వస్తాం. మొహమాటపడకుండా అడగండి.