ఇంజను వయసు ఎన్ని గంటలు?

బిలాస్‌పూర్‌కు సముద్రం లేదు. ఊరిని ఒరుసుకొని అర్పా నది ఉన్నది గాని, వేసవిలో అందులో నీటి కంటె ఇసుకే ఎక్కువ. అటువంటి ఊరిలో, రైల్వే కాలనీకి దాపున ఉన్న మా పెదనాన్నగారి ఇంటి వసారాలో, ఒక వేసవి సాయంత్రం ఒక చేపల పడవ ఇంజను గురించి పెద్ద పంచాయితీ జరిగింది. ఆ పంచాయితీ జరగకపోయినట్లయితే ఏడుగురు మనుషులు నడిసముద్రంలో నిస్సహాయులై నిలిచిపోయి ఉండేవారేమో!

బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడిన తరువాత, ఆ పట్టాల వెంట పనిని వెదకుకుంటూ ఉత్తరాంధ్ర నుంచి ఎన్నో కుటుంబాలు ఖరగ్‌పూర్‌కు, బిలాస్‌పూర్‌కు వలస వచ్చాయి. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రస్థానమైన ఈ ఊరిలో నేటికీ తెలుగు మాట వినిపిస్తూనే ఉంటుంది. మా పెదనాన్నగారు అలా వచ్చినవారే. డీజిల్ రైలింజన్ల మరమ్మతులోనే ఆయన ఉద్యోగ జీవితమంతా గడిచింది. చిన్నాన్న మాత్రం శ్రీకాకుళం తీరాన్ని విడిచిపెట్టలేదు. ఆయనకు ఒక మరపడవ ఉన్నది. ఒకరు పట్టాల మీద, మరొకరు అలల మీద బ్రతికారు. అయితే ఇద్దరి కొలువులోనూ సహాయకులను పిలిచే పేరు ఒక్కటే: కలాసీలు.

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవలకు వేట నిషేధం. ఆ విరామంలో చిన్నాన్న విజయనగరంలో రైలెక్కి, రాయగడ, రాయపూర్‌ల మీదుగా అన్నగారిని చూడవచ్చాడు. కాఫీ త్రాగుతూ నవ్వులాటగా అన్నాడు:

“అన్నయ్యా, నా ఇంజను మళ్ళీ పసిబిడ్డ అయింది. పాత మీటరు చెడిపోతే కొత్తది పెట్టించాను. అందులో 40 గంటలే ఉన్నాయి.”

పెదనాన్నగారు నవ్వలేదు. “గోడ గడియారం మార్చితే ఇంటి యజమాని వయసు తగ్గుతుందిరా?” అన్నారు.

కిలోమీటర్లు చెప్పని నిజం

బస్సు ఎంత అరిగిందో తెలియాలంటే కిలోమీటర్లు చూస్తాము. కాని కదలకుండా నిలిచి తిరిగే ఇంజను సంగతి ఏమిటి? గూడ్సు యార్డులో పెట్టెలను అటూ ఇటూ త్రోసే షంటింగ్ ఇంజను రోజంతా పనిచేసినా నడిచే దూరం స్వల్పం. పెద్ద డీజిల్ రైలింజను ఊరకే నిలబడి తిరిగినా గంటకు సుమారు 25 లీటర్ల నూనె త్రాగుతుంది. చక్రాలు కదలకపోయినా లోపల పిస్టనులు, బేరింగులు అరుగుతూనే ఉంటాయి. బిలాస్‌పూర్‌కు పొరుగున ఉన్న కోర్బా బొగ్గు గనులలోని డంపర్లకు, డోజర్లకు మరమ్మతు వేళను నిర్ణయించేది ఈ గంటల లెక్కే. పడవకైతే వేరు దారి లేదు. ఎదురుగాలిలో, ఎదురు నీటిలో, వల లాగుతూ ఇంజను పడే శ్రమను దూరం చెప్పజాలదు.

అందువలననే పడవలో రెండు కొలతలు కావాలి. ఇంజను ఇప్పుడు నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతున్నదో చెప్పేది టాకోమీటరు. పుట్టినది మొదలు ఎంతసేపు తిరిగినదో చెప్పేది గంటల మీటరు. మొదటిది నాడి వంటిది, రెండవది జాతకం వంటిది. టాకోమీటరును 1817లో జర్మన్ ఇంజనీరు డీట్రిచ్ ఉల్‌హార్న్ మొదట ఉపయోగించినట్లు చెబుతారు. తిరిగే బరువులు వేగం పెరిగినకొద్దీ బయటకు విచ్చుకుంటాయనే సూత్రం మీద అది పనిచేసింది. 1840 నుంచి అది రైలింజన్లలోకి కూడా వచ్చింది. నేటి మీటర్లలో అనేకం ఆల్టర్నేటరు నుంచి వచ్చే విద్యుత్ స్పందనలను లెక్కిస్తాయి. రెండు మీటర్లూ తరచు ఒకే డబ్బాలో ఉంటాయి. కనుక ఒకటి చెడితే రెండవది కూడా దానితోపాటే పోతుంది.

పోయిన గంటలను పట్టుకొనుట

“పాత మీటరు ఆగినప్పుడు ఎంత చూపింది?” అని పెదనాన్నగారు అడిగారు.

“3,140.”

“ఆయిల్ చివరిసారి ఎప్పుడు మార్చావు?”

“3,050లో. ఇంజను గది తలుపు మీద సుద్దతో వ్రాసి ఉంది.”

“మీటరు లేకుండా ఎంతకాలం తిరిగావు?”

చిన్నాన్న తలగోక్కున్నాడు. ఆ రోజుల లెక్క ఎక్కడా లేదు. కాని డీజిల్ కొన్న చీటీలు సంచిలో ఉన్నాయి. వాటిని కూడగా 4,800 లీటర్లు తేలింది. ఆ పడవ గంటకు సుమారు 12 లీటర్లు త్రాగుతుందని ఇద్దరికీ అనుభవం. 4,800ను 12తో భాగిస్తే 400 గంటలు. పాతవి 3,140, లెక్కకు రానివి 400, కొత్త మీటరులోనివి 40. మొత్తం 3,580. అంటే ఆయిల్ మార్చి 530 గంటలైంది! ఆ ఇంజను పుస్తకం చెప్పిన గడువు 250.

పాత ఆయిల్ పలుచబడుతుంది, మసిని మోస్తుంది, ఇనుముకూ ఇనుముకూ నడుమ ఉండవలసిన పొరను నిలపలేదు. రోడ్డు మీద ఇంజను ఆగితే దిగి నడవవచ్చు. సముద్రంలో ఆగితే దిగుటకు చోటు లేదు.

ముల్లు చెప్పిన అబద్ధం

చిన్నాన్న ఇంకొక మాట కూడా అన్నాడు. “ఇంజనులో బలం తగ్గినట్లుంది. నిలకడగా ఉన్నప్పుడు ఇదివరకు 600 చూపేది, ఇప్పుడు 400. పరుగులో 1,500 రావాలంటే థ్రాటిల్ చివరిదాకా త్రోయవలసి వస్తున్నది.”

“శబ్దం మారిందా?”

“లేదు.”

“400కు నిలకడగా తిరిగేది మా పాత రైలింజను. నీ పడవ ఇంజను కాదు. మారింది ఇంజను కాదురా, ముల్లు.”

ఆల్టర్నేటరులో అయస్కాంత ధ్రువాల సంఖ్యను బట్టి, దానిని త్రిప్పే కప్పీల పరిమాణాన్ని బట్టి, ఒక చుట్టుకు వచ్చే స్పందనలు మారతాయి. 8 ధ్రువాల యంత్రానికి మీటరును 12 ధ్రువాలకు అమర్చితే, నిజంలో మూడింట రెండు వంతులే చూపుతుంది. 600 కాస్తా 400 అవుతుంది. పాపం, చిన్నాన్న ముల్లును మెప్పించటానికి ఇంజనును హింసించాడు!

మీటరు మార్చదలచినవారికి పెదనాన్నగారు చెప్పిన పద్ధతి ఇది. ముందుగా పాత మీటరు గంటలను వ్రాసుకోవాలి. బ్యాటరీ తీగ విప్పాలి. ప్రతి తీగకూ గుర్తు కట్టిన తరువాతనే ఊడదీయాలి. కొత్త మీటరు వెనుక ఉండే మీటను మన ఆల్టర్నేటరుకు తగినట్లు త్రిప్పాలి. ఆపైన ఇంజను కప్పీ మీద మెరిసే పట్టీ అతికించి, చేతి టాకోమీటరుతో సరిచూడాలి. గంటల మీటరును కేవలం తాళానికి కలిపితే, ఇంజను తిరగకపోయినా తాళం వేసి ఉంచినంతసేపూ అది లెక్కిస్తుంది. ఆయిల్ ఒత్తిడి స్విచ్చి ద్వారా కలిపితే, ఇంజను నిజముగా తిరిగినప్పుడే కదులుతుంది. పాతకాలపు ట్రాక్టరు మీటర్లది మరొక తీరు. వాటి గంట, నిర్ణీత వేగంలో తిరిగినప్పుడే గడియారపు గంటతో సమానం. నెమ్మదిగా తిరిగితే ఆ గంట సాగుతుంది.

నిషేధం ముగియకముందే చిన్నాన్న ఊరికి వెళ్ళి ఆయిల్ తీయించాడు. మెకానిక్కు దానిని వేళ్ళ మధ్య రాచి వెలుగులో చూపాడు. అందులో సన్నని లోహపు రజను మెరిసింది. బేరింగులు అరగనారంభించాయి. అవి మారినవి, మీటరు సరిపడినది, పడవ జూన్ 15న వేటకు కదిలింది.

పెదనాన్నగారు తమ్ముడికి రైలు దగ్గర ఇచ్చినది ఒక అట్ట పుస్తకం. అందులో మొదటి గీత మీద ఆయన చేతివ్రాతలోనే ఉన్నది: “కొత్త మీటరు 40. అసలు వయసు 3,580. కలుపవలసినది 3,540.”

మీటరు చెడిపోవచ్చు, మారవచ్చు. వ్రాసిన అంకె మాత్రం నిలుస్తుంది. ఇప్పుడు ఆ పడవ తీరానికి వచ్చినప్పుడల్లా సరంగు చేసే మొదటి పని, చేపల బుట్ట దించటానికంటె ముందు, ఆ పుస్తకంలో ఒక గీత నింపటం.