బట్టల పొడి ఇంట్లో చేసుకుంటే ఎంత ఆదా?

సిరుగుప్ప తాలూకా కెంచనగుడ్డ వంటి తుంగభద్ర ఒడ్డు గ్రామాల నుండి నగరానికి వచ్చిన కుటుంబాలకు తొలి నెలలోనే తెలిసివచ్చే మార్పు నీటిది. ఏటి నీటిలో సులువుగా నురుగు వచ్చిన సబ్బుకు ఇక్కడి బోరు నీటిలో నురుగు రాదు. బకెట్ అంచున తెల్లని తెట్టు మాత్రం కడుతుంది. అప్పుడు మనం మరికొంత సబ్బు అరగదీస్తాము, మరో గుప్పెడు పొడి వేస్తాము. నెలాఖరుకు ఆ ఖర్చు కిరాణా చీటీలో కనబడుతుంది.

ఇందుకు కారణం నీటిలో కరిగివున్న కాల్షియం, మెగ్నీషియం లవణాలు. సబ్బు మొదట వాటితో కలిసి కరగని తెట్టుగా మారిపోతుంది. మిగిలినదే మురికిని వదిలిస్తుంది. బట్టల సోడా, అనగా సోడియం కార్బొనేట్, వేస్తే ఆ లవణాలను అదే ముందుగా పట్టుకొని సబ్బును పనికి మిగుల్చుతుంది. ఇది మన పెద్దలకు తెలియని సంగతి కాదు. చాకిరేవులలో చవుడు మట్టి నీటిలో బట్టలను తడిపి ఉబ్బకు వేసేవారు. ఆ మట్టిలోని ముఖ్యమైన క్షారం ఇదే. (1953లో తుంగభద్ర ఆనకట్ట నీరు వచ్చిన తరువాత, మురుగు పోయే దారి లేని పొలాలలో చవుడు పెరిగి రైతు నష్టపోయాడు. అది వేరే కథ.)

1969లో అహ్మదాబాదులో కర్సన్‌భాయి పటేల్ ఇంటి పెరట్లో పొడి కలిపి, సైకిలుపై ఇంటింటికీ తిరిగి అమ్మారు. అదే తరువాత నిర్మా అయింది. పేరుపొందిన పొడి ధరలో అది నాలుగో వంతుకు దగ్గరగా ఉండేది. ఇంట్లో కలిపిన పొడి అక్కరకు వస్తుందనడానికి ఇంతకన్న సాక్ష్యం అక్కరలేదు.

చేసుకునే పద్ధతి సులభం. మామూలు బట్టల సబ్బు బిళ్లను తురిమి రెండు రోజులు నీడలో ఆరబెట్టాలి. తురుము ఒక పాలు, బట్టల సోడా రెండు పాళ్లు కలిపి గాలి చొరని డబ్బాలో ఉంచాలి. బకెట్ నీటికి రెండు పెద్ద చెంచాలు వేసి, పూర్తిగా కరిగిన తరువాతే బట్టలు నానబెట్టాలి. వంట సోడా వేరు, బట్టల సోడా వేరు, కొనేటప్పుడు చూసుకోవాలి. ఇందులో నిమ్మరసమో వెనిగరో పోయమని చెప్పేవారున్నారు. క్షారము, ఆమ్లము ఒకదానినొకటి చంపుకొంటాయి గనుక రెండూ వృథా.

ఆదా ఎంత అన్నది మీరు ఇప్పుడు వాడే పొడిని బట్టి ఉంటుంది. ఖరీదైన పొడి వాడేవారికి మిగులు కనబడుతుంది. చవక పొడి వాడేవారికి మిగిలేది స్వల్పం. వారు ఉన్న పొడికే ఒక చెంచా సోడా చేర్చి, పొడి తగ్గించి చూడటం మేలు. వాషింగ్ మెషీనులో ఈ మిశ్రమం వేయరాదు. సబ్బు తెట్టు గొట్టాలలో పేరుకొని, ఆదా చేసిన సొమ్ము మరమ్మతుకు పోతుంది.

పట్టుకు, ఉన్నికి సోడా పనికిరాదు. వాటికి కుంకుడు రసమే తగినది. గింజ తీసిన పదిహేను కాయలను లీటరు నీటిలో రాత్రంతా నానబెట్టి, మరునాడు పావుగంట మరిగించి, పిసికి వడకట్టాలి. రెండు మూడు రోజులలో పులుస్తుంది గనుక ఎక్కువ చేయవద్దు.

సోడా చేతుల చర్మాన్ని పొడిబారుస్తుంది. రోజూ ఉతికేవారు తొడుగులు వేసుకోవాలి, పగుళ్లుంటే తప్పక వేసుకోవాలి. కాస్టిక్ సోడాతో, నూనెతో ఇంట్లోనే సబ్బు కాచే ప్రయత్నం ఇరుకు గదులలో, పిల్లలున్న చోట ఎన్నడూ చేయరాదు; అది కంట్లో పడితే చూపే పోవచ్చు. పొడి గాని, రసం గాని శీతల పానీయాల సీసాలలో పోసి ఉంచవద్దు. డబ్బాపై పేరు వ్రాసి, పిల్లలకు అందని ఎత్తున పెట్టండి.