మొద్దు అనకండి, అది డిస్‌లెక్సియా కావచ్చు

"మా గుంటడు మాటల్లో పుట్టండీ. ఏదైనా ఒకసారి వింటే చాలు, మరచిపోడు. పుస్తకం తెరిస్తే మాత్రం నోరు పెగలదు." పిల్లల వైద్యుల దగ్గరకు వచ్చే తల్లులు ఇలాంటి మాట తరచు చెబుతుంటారు. బడిలో "మొద్దు" అంటారు, ఇంట్లో "బద్ధకం" అంటారు. కొన్నాళ్లకు పిల్లవాడు కూడా తనకు బుర్ర లేదని నమ్మేస్తాడు. ఆ తర్వాత బడి మానేసి పనికో వలసకో వెళ్లిపోతాడు. ఆడపిల్లయితే "చదువు అబ్బలేదు" అని తొందరపడి పెళ్లి చేసేస్తారు. అలాంటి పిల్లల్లో కొందరికి ఉన్నది తెలివి తక్కువతనం కాదు, డిస్‌లెక్సియా. దాని గురించి ప్రతి కుటుంబం తెలుసుకోవాలి.

డిస్‌లెక్సియా అంటే ఏమిటి?

మాటలోని శబ్దాలను విడదీసి, ఏ శబ్దానికి ఏ అక్షరమో జత కలిపి గుర్తుంచుకునే పని మెదడు చేస్తుంది. కొందరు పిల్లల్లో ఈ ఒక్క పని కష్టంగా, నెమ్మదిగా జరుగుతుంది. మిగతా తెలివితేటలు మామూలుగానే ఉంటాయి. దీనినే డిస్‌లెక్సియా అంటారు. రాయడంలో వచ్చే ఇలాంటి ఇబ్బందిని డిస్‌గ్రాఫియా అని, లెక్కల్లో వచ్చేదానిని డిస్‌కాల్కులియా అని పిలుస్తారు. ఈ మూడింటినీ కలిపి అభ్యసన వైకల్యాలు అంటారు. ఇవి తరచు వంశంలో నడుస్తాయి. తండ్రికో మేనమామకో చిన్నతనంలో ఇదే ఇబ్బంది ఉండి ఉండవచ్చు. దిష్టి వల్లగాని, తల్లి పెంపకంలో లోపం వల్లగాని ఇది రాదు.

ఇది కొత్తగా పుట్టిన జబ్బు కూడా కాదు. 1896లో ప్రింగిల్ మోర్గన్ అనే ఇంగ్లండు వైద్యుడు 14 ఏళ్ల కుర్రవాడి గురించి ఒక వైద్య పత్రికలో రాశారు. ఆ అబ్బాయి ఆటల్లో చురుకైనవాడు, తెలివైనవాడు. అయినా సొంత పేరు రాసేటప్పుడు కూడా అక్షరాలు తారుమారు చేసేవాడు. పాఠాలన్నీ నోటితోనే చెబితే బడిలో అందరికంటే ముందుండేది ఈ కుర్రవాడేనని అతని మాస్టారు అభిప్రాయపడ్డారు. మన దేశంలో 2007 డిసెంబరులో వచ్చిన 'తారే జమీన్ పర్' అనే హిందీ సినిమా ఈ సంగతిని చాలామందికి తెలియజేసింది.

ఏ లక్షణాలు గమనించాలి?

చిన్న తరగతుల్లో తప్పులు అందరు పిల్లలూ చేస్తారు. రెండు మూడు తరగతులు దాటాక, ఎంత నేర్పినా ఈ కింది ఇబ్బందులు తగ్గకపోతే అనుమానించాలి.

1. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చాలా నెమ్మదిగా చదవడం, వరుస తప్పడం, మాట చివర ఊహించి చెప్పేయడం.
2. బ–భ, ద–ధ, ప–ష, న–స వంటి పోలిక ఉన్న అక్షరాల దగ్గర మాటిమాటికీ తడబడడం.
3. గుణింతాలు మార్చేయడం, ఒత్తులు వదిలేయడం.
4. నోటితో చక్కగా చెప్పిన జవాబును రాయలేకపోవడం, బోర్డు మీద ఉన్నది ఎక్కించుకోలేకపోవడం.
5. ఎక్కాలు, వారాలు, నెలల పేర్లు వరుసగా చెప్పలేకపోవడం.
6. బడి వేళకు రోజూ కడుపునొప్పి, తలనొప్పి అనడం.

తెలుగులో రాసినట్టే చదువుతాం. కాబట్టి కొందరు పిల్లలు తెలుగు తప్పులు లేకుండానే చదువుతారు, కాని బాగా నెమ్మదిగా చదువుతారు. ఇంగ్లీషులో అలా కుదరదు. సి-యు-టి 'కట్' అయితే, పి-యు-టి 'పుట్' అవుతుంది. అందుకే ఇంగ్లీషు మీడియంలో వేశాక ఇబ్బంది ఒక్కసారిగా బయటపడవచ్చు.

అన్నీ డిస్‌లెక్సియా కావు

ముందుగా కంటిచూపు, వినికిడి పరీక్ష చేయించండి. బోర్డు కనబడని పిల్లకు కావలసినవి కళ్లజోడే. రక్తహీనత, థైరాయిడ్ లోపం, కొన్ని రకాల మూర్ఛలు కూడా చదువును వెనక్కి లాగుతాయి.

మన ప్రాంతంలో మరో రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. తల్లిదండ్రులతో వలస వెళ్లి నెలల తరబడి బడికి దూరమైన పిల్లకు పాఠాలు రాకపోవడం వైకల్యం కాదు. సీతంపేట ఏజెన్సీలో ఇంట్లో సవర మాట్లాడే పిల్లకు బడిలో తెలుగు కొత్త భాష. గిడుగు రామమూర్తి పంతులు గారు సవర నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని నూరేళ్ల కిందటే పాటుపడ్డారు. ఇలాంటి పిల్లలకు ముందు భాష నేర్పాలి, ఆ తర్వాతే పరీక్షించాలి.

ఎవరిని కలవాలి?

మొదట పిల్లల వైద్యుడిని కలవండి. తర్వాత క్లినికల్ సైకాలజిస్టు తెలివితేటల పరీక్ష, చదవడం రాయడం పరీక్షలు చేస్తారు. వైకల్య ధ్రువపత్రం సాధారణంగా ఎనిమిదేళ్లు నిండాకే ఇస్తారు. సాయం చేయడానికి మాత్రం అంతవరకు ఆగనవసరం లేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడికి వచ్చే వైద్య బృందానికి ఈ ఇబ్బంది గురించి చెప్పండి. ప్రత్యేక అవసరాలు గల పిల్లల కోసం మండలాల్లో నడిచే భవిత కేంద్రంలోనూ అడగండి.

డిస్‌లెక్సియాను నయం చేసే మందు లేదు. జ్ఞాపకశక్తి టానిక్కులకు డబ్బు పోయకండి. సరైన పద్ధతిలో, ఓపికగా నేర్పడమే దీనికి చికిత్స.

ఇంట్లో ఏం చేయాలి?

రోజుకు 15 నుంచి 20 నిమిషాలు చాలు. అయితే అది ప్రతిరోజూ జరగాలి.

చెవికి నేర్పండి: మాటను చప్పట్లతో విడదీయించండి. శ్రీ-కా-కు-ళం అంటే నాలుగు చప్పట్లు, వి-జ-య-న-గ-రం అంటే ఆరు. 'తామర'లో 'తా' తీసేస్తే ఏం మిగిలింది? 'మర'. పలక, కలము, మునగ, గడప అంటూ చివరి అక్షరంతో కొత్త మాట అందుకునే ఆట ఆడించండి. చదువు రాని అమ్మ, అమ్మమ్మ కూడా ఈ ఆటలు ఆడించవచ్చు. తండ్రి చేపల వేటకు వేరావల్ వెళ్లినా ఫోనులో ఆడించవచ్చు.

చేతికి నేర్పండి: పళ్లెంలో ఇసుకో బియ్యమో పోసి, శబ్దాన్ని పైకి పలుకుతూ వేలితో అక్షరం దిద్దించండి. మన వీధిబడుల్లో ఇసుకలో ఓనమాలు దిద్దించింది ఇలాగే. కన్ను, చెవి, చెయ్యి కలిపి నేర్పే ఈ పద్ధతినే అమెరికాలో 1930లలో డాక్టరు ఆర్టన్, ఉపాధ్యాయిని గిలింగ్‌హామ్ ఇలాంటి పిల్లల కోసం ఒక క్రమంలో పెట్టారు. ఒక అక్షరం బాగా వచ్చాకే రెండోది మొదలుపెట్టండి. బ, భ వంటి జంటలను ఒకే రోజు నేర్పకండి.

కలిసి చదవండి: అక్కో అన్నయ్యో పక్కన కూర్చుని, పిల్లతో పాటు గొంతు కలిపి చదవాలి. తడబడితే మాట అందించి ముందుకు సాగాలి. వరుస తప్పకుండా కింద ఒక అట్టముక్క పెట్టండి.

పోల్చకండి: "నీ చెల్లెల్ని చూడు" అనే మాట బెత్తం కంటే గట్టిగా తగులుతుంది. చేసిన ప్రయత్నాన్ని మెచ్చుకోండి. బొమ్మలు గీయడం, పాట, ఆట, మరమ్మతు పని, ఏది బాగా వస్తే దానికి రోజూ సమయం ఇవ్వండి.

బడిలో, సండే స్కూలులో

మాస్టారిని, టీచరమ్మను కలిసి వినయంగా విషయం చెప్పండి. ముందు బెంచీలో కూర్చోబెట్టమని, అందరి ముందు చదవమని అకస్మాత్తుగా లేపవద్దని, కొన్ని జవాబులు నోటితో అడగమని కోరండి. 2009 నాటి విద్యాహక్కు చట్టం పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది.

సండే స్కూలు టీచర్లకు కూడా ఒక మనవి. వంతుల వారీగా వాక్యం చదివించేటప్పుడు ఈ పిల్లలు సిగ్గుతో ముడుచుకుపోతారు. చదవాల్సిన వచనం ముందు వారమే ఇచ్చి పంపండి, లేదా కంఠస్థం చెప్పించండి. విని నేర్చుకోవడంలో వీళ్లలో చాలామంది దిట్టలు.

చట్టం ఇచ్చే అండ

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో అభ్యసన వైకల్యాలు కూడా ఉన్నాయి. పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు, రెండో మూడో భాషల నుంచి మినహాయింపు వంటి మార్పుల గురించి ఆ చట్టం చెబుతోంది. వీటికి ధ్రువపత్రం కావాలి. పదో తరగతి పరీక్షల ముందు పరుగులు పెట్టకుండా, తొమ్మిదిలో ఉండగానే హెడ్మాస్టరు గారితో మాట్లాడండి.

చివరగా, పిల్ల మాటలు తగ్గించినా, తిండి నిద్ర మానినా, "నేను ఎందుకూ పనికిరాను" అన్నా తేలికగా తీసుకోకండి. వెంటనే డాక్టరు దగ్గరకు తీసుకురండి. 2022లో మొదలైన ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

డిస్‌లెక్సియా జీవితాంతం ఉంటుంది. అయినా సరిగా నేర్పితే చదవడం వస్తుంది, కాస్త ఆలస్యంగా వస్తుంది. అంతవరకు పిల్ల బడిలోనే ఉండేలా చూసుకోవడం, తన మీద తనకు నమ్మకం పోకుండా కాపాడడం పెద్దలమైన మన బాధ్యత.